పద్నాలుగు డిగ్రీల మునకలు

"దీనికి చిల్లే లేదు. కేబుల్ ఎక్కడ గుచ్చమంటారు?" అన్నాడు బార్తుల్, ఆమె ఇచ్చిన గడియారంలాంటి వస్తువుని బోర్లించీ వెల్లకిలా తిప్పీ.

"అది చూసుకోవలసింది మీరు. బోర్డు మీద 'అన్ని రకాల అడాప్టర్లూ దొరుకును' అని రాసుకున్నది నేను కాదు," అంది నెవెంకా.

అది డైవ్ కంప్యూటర్. సముద్రంలో మునిగేవాళ్ళ మణికట్టున కూచుని ఎంత లోతు, ఎంతసేపు అని రాసుకుంటుంది. నెవెంకాది ఆమె మేనమామ వాడి వదిలేసింది. అందులో ఆమె వేసిన నూటనాలుగు మునకలున్నాయి. వేసవికి డైవింగ్ గైడ్ ఉద్యోగం రావాలంటే నూరు మునకల లెక్క ఆఫీసుకి పంపాలి, అదీ ఇవాళ మధ్యాహ్నం రెండు లోపల. అన్నీ రాసుకున్న పుస్తకం ఒకటి ఉండేది. పెరీనా పిన్ని దాని పేజీల్లో ఉప్పు చేపలు చుట్టి, తీరం పొడుగునా స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ దాకా ఊరూరా ఉన్న చుట్టాలందరికీ పంచిపెట్టేసింది.

"మునకలేగా, నోటికి రావూ?" అంది పైగా.

నెవెంకాకి అసలు దిగులు వేరే. ఆ నూటనాలుగులో ముప్ఫై ఒకటి ఈ బార్తుల్ దుకాణం ముందున్న చెక్క రేవు కింద వేసినవే. అక్కడ చూడడానికి బురదా, రెండు పాత టైర్లూ తప్ప ఏమీ లేవు. తల పైకెత్తితే మాత్రం, చెక్కల సందుల్లోంచి, పడవ ఇంజన్లు బాగుచేసుకుంటూ బార్తుల్ కనిపిస్తాడు. నిరుడు వసంతంలో అతను ఈ ఊరు వచ్చినప్పటినుంచీ ఆమె సముద్ర పరిశోధన అదే.

అయినా ధైర్యంగానే వచ్చింది. ఈ యంత్రానికి లోతూ సమయమూ తెలుసుగాని చోటు తెలియదు.

బార్తుల్ సొరుగు బోర్లించాడు. గోళ్ళతో పట్టుకునేవి, దువ్వెనలా పళ్ళున్నవి, జలగలా అతుక్కునేవి, ఇరవై ఏడు అడాప్టర్లు రాలాయి. ఒక్కటీ పనికిరాలేదు. చివరికి యంత్రం అంచున నల్లటి గాజు చుక్క చూసి, "ఇది కేబుల్‌తో మాట్లాడే రకం కాదండీ. టీవీ రిమోట్ లాంటిది. ఎదురెదురుగా కూచోబెడితే చూపులతోనే అన్నీ చెప్పేస్తుంది," అన్నాడు.

నెవెంకా కళ్ళు దించుకుంది.

అలాంటి చూపున్న పరికరం ఒకటి బిస్కట్ల డబ్బాలో దొరికింది. అది పాతకాలపుది, ల్యాప్‌టాప్ కొత్తది. దానికో అడాప్టరు, ఆ అడాప్టరుకి మరో అడాప్టరు, పెళ్ళిమాటలకొచ్చిన పెద్దమనుషుల్లా మధ్యలో కూచున్నాక సంబంధం కుదిరింది. ఒక శాతం వచ్చి ఆగిపోయింది.

"ఎండ," అన్నాడు బార్తుల్. "వెలుతురులో దీనికి చూపు ఆనదు. చీకటి కావాలి."

జూన్ నెల, ఒంటిగంట, మూడువైపులా అద్దాలున్న దుకాణం. చీకటి పెరీనా పిన్ని ఇంట్లోంచి వచ్చింది, గొర్రెబొచ్చు దుప్పటి రూపంలో. దాని వెనకే ఒక గిన్నెడు వేయించిన చేపలతో పిన్ని కూడా వచ్చింది.

"యంత్రాలు దుప్పట్లో, తలలు బయట," అంది.

"తెర చూడాలి కదండీ," అన్నాడు బార్తుల్. "ఆవిడ తడి వేలు తగుల్తూ ఉంటేగాని ఆ గడియారం నీళ్ళలో ఉన్నాననుకుని మేలుకుని ఉండదు. ఈ కన్ను నేను పట్టుకోవాలి."

"సరే, రెండు తలలూ లోపలికి. నేనిక్కడే కూచుంటా. దుప్పటి కదిలితే ఊరుకోను."

లోపల ఉక్కపోత, గొర్రె వాసన. మూడు శాతం. పదకొండు. నలభై.

"ఇది నీళ్ళ చలి కూడా రాసుకుందే," అన్నాడు బార్తుల్ ఉన్నట్టుండి.

ఆ సంగతి నెవెంకాకి తెలియదు.

"ఆగస్టులో సముద్రం పాతిక డిగ్రీలుంటుంది. మీకు మాత్రం నాలుగు మీటర్ల లోతులో పద్నాలుగు. ఇలాంటివి ముప్ఫై ఒకటి. కొండ నీళ్ళు అడుగునుంచి ఊరే చోటు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. నా రేవు కింద."

"అలాగా."

"అక్కడేముందండీ?"

"టైర్లు."

"టైర్లకోసం ముప్ఫై ఒక్కసార్లా?"

"రెండున్నాయి."

"ఏమిటా గుసగుసలు?" అంది పిన్ని బయటినుంచి.

"ఎన్ని డిగ్రీలో చూస్తున్నాం పిన్నీ."

"ఎవరికి జ్వరం?"

నూరు శాతం వచ్చేసరికి రెండుకి పావుగంట తక్కువ. దరఖాస్తు తెర మీదికొచ్చింది: ఒంటరిగా వేసిన మునకలకి ఒడ్డునుంచి చూసిన సాక్షి కావాలి.

"ఆ ముప్ఫై ఒకటీ తీసెయ్యండి," అంది నెవెంకా.

"డెబ్భై మూడే మిగుల్తాయి."

"ఉద్యోగం లేకపోతే మానె," అంటూ ఆమె దుప్పటి ఎత్తబోయింది. అతను అంచు పట్టుకున్నాడు.

"సాక్షి ఉన్నాడు." దరఖాస్తులో తన పేరు టైపు చేశాడు. "ప్రతి మంగళవారం నాలుగింటికి బుడగలు. మొదట ఆక్టోపస్ అనుకున్నా. అది టైముకి రాదుగా. పక్కనున్న మెట్టు మీద ఎర్ర చెప్పులు కూడా విప్పదు. అప్పట్నుంచి మంగళవారం పనిలేకపోతే బాగున్న ఇంజనే విప్పి కూచునేవాణ్ణి. ఒక ముసలాయన ఇంజన్ని అయిదుసార్లు విప్పాను. పాపం, దానికే రోగమూ లేదు."

"నేనని తెలిసీ చెప్పలేదా?"

"చెబితే నువ్వు రావడం మానేస్తావని."

'నువ్వు' అన్నందుకు కోపం తెచ్చుకుందామని చూసిందిగాని ఆమెకి రాలేదు. తెరకేసి తిరిగింది. "ఇదిగో, సాక్షి అభ్యర్థికి బంధువై ఉండరాదట. నువ్వు కాదుగా?"

"రెండింటిదాకా కాదు," అంటూ అతను పంపేశాడు.

ఆఫీసు మూసే తొందరలో ఉన్న గుమాస్తా అయిదు నిమిషాల్లో జవాబిచ్చాడు. నూటనాలుగూ చెల్లును, సోమవారం చేరవచ్చు. దుప్పట్లో ఇద్దరూ అది చదివి, ఎందుకో మళ్ళీ మొదటినుంచి చదివారు.

చర్చి గంట రెండు కొట్టింది. దుప్పటి అంచు పైకి లేచింది.

"బయటికి రండి, బంధువుగారూ," అంది పెరీనా పిన్ని. "చేపలు చల్లారిపోతున్నాయి."