సంగటి విసిరిన మనిషి

సంగటికి పెట్టిన ఎసట్లో నూకలు ఉడికాయి. కృపమణి రాగిపిండి పోసి తెడ్డుతో గెలుకుతుండగా కొడుకు అరుణ్ కుమార్ ఒక కాగితం పట్టుకొచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆదివారం తండ్రి లేవి ఏడాది జ్ఞాపకార్థ కూడిక. చర్చిలో ఆయన జీవిత చరిత్ర చదవాలి.

"ఇను మా. 'లేవి గారు మృదుభాషి, శాంతస్వభావులు. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు...'"

కృపమణి చేతిలో తెడ్డు ఆగింది. "ఎవరి గురించి నాయనా ఇది?"

వంకాయలు తరుగుతున్న కోడలు జెస్సీ పకపకా నవ్వింది.

"నాయన గురించే! మొన్న పక్కూరి పెద్దాయన కూడికలో చదివినారు. బాగుండాదని పేరు మార్చినా. అందరూ ఇట్లనే రాస్తారు."

"మీ నాయన గొంతు ఇంటే మేకలు తోవ ఇడిసేటివి. మృదుభాషంట! నేనే రాస్తాలే."

"నువ్వా?"

ఆమె ముసలితనంలో చర్చి స్త్రీల సమాజం వాళ్ళ దగ్గర అక్షరాలు నేర్చుకుంది. బైబిలు కూడబలుక్కుని చదువుతుందే గాని, సొంతంగా ఎన్నడూ ఏమీ రాయలేదు. అయినా మధ్యాహ్నమంతా వసారాలో కూర్చుని రాసింది. సాయంత్రం అది చదివిన అరుణ్ మొహం మాడిపోయింది.

'లేవికి కోపం శానా. సంగటిలో ఉండలుంటే కంచం విసిరికొట్టేవాడు. చర్చిలో అయ్యగారి ప్రసంగం పొడుగైతే అందరికీ వినపడేటట్టు ఆవలించేవాడు.'

"అమ్మా! చచ్చిపోయినోన్ని గురించి ఇట్లా రాస్తారా ఎవరన్నా? మన పరువేం గావాల?"

"ఇందులో అబద్ధమేమన్నా ఉండాదా?"

"నిజమైతే మాత్రం! నీకు కోపముంటే ఇంట్లో తిట్టుకో. చర్చిలో వద్దు."

"నేను కాపురం చేసింది లేవితో రా. నీ మృదుభాషితో కాదు. ఆదివారం జనం ఇంకెవురినో తలుచుకుని ఇండ్లకు పోతే, నా మొగుడు ఇంకోసారి చచ్చిపోయినట్టే."

అరుణ్ విసవిసా బయటికి పోయాడు. జెస్సీ ఆ కాగితం అందుకుని మెల్లగా చదివింది.

"అన్నీ నిజాలే అత్తా. మరి ఇంత కోపిష్టితో ఇన్నాళ్ళు ఎట్లా వేగినావు? అది యాడా రాయలేదే?"

కృపమణి కాగితం వెనక్కి తీసుకుంది. కొడుకు తీపి ఒక్కటే రాశాడు, తను కారం ఒక్కటే రాసింది. ఏడాదిగా తెల్లారగానే తన చెవులు ఎవరి కేకల కోసం వెతుకుతున్నాయో, ఆ మాట రాయడానికి సిగ్గుపడింది. మళ్ళీ పెన్ను పట్టింది.

ఆదివారం అయ్యగారు "జీవిత చరిత్ర ఎవరు చదువుతారు?" అని అడిగారు. అరుణ్ జేబులోంచి కాగితం తీసేలోపే కృపమణి లేచి నిలబడింది. అరుణ్ తల దించుకున్నాడు.

కంచం సంగతికి ఆడవాళ్ళు నవ్వాపుకోలేక నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆవలింతల సంగతికి అయ్యగారే అందరికంటే ముందు నవ్వారు. ఆమె అక్షరం అక్షరం పట్టుకుంటూ చదువుతోంది.

'తప్పు చేసినా అనే మాట ఆయన నోటికి రాదు. కంచం విసిరినాక తనే వచ్చి, పడిన సంగటి కోళ్ళకేసి, నేల తుడిచి, కుండలో అడుగంటింది గీక్కుని తినేవాడు. నాకు కాన్పయినప్పుడు వీధంతా చూస్తాండగా బోరింగు కాడ నా గుడ్డలు ఉతికినాడు. నవ్విన మగోళ్ళను తిట్టినాడు. ఆ తిట్లు మళ్ళీ వినాలని ఉండాది.'

వెనక వరసలో లేవి స్నేహితుడు ఆనందం తుండుతో కళ్ళొత్తుకుంటూ లేచాడు.

"ఆ పొద్దు తిట్టింది నన్నే వదినా!"

నవ్వులు పైకప్పు తాకాయి.

బయటికొచ్చాక అరుణ్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మా, ఆ కాన్పు..."

"నీదే రా. నీ గుడ్డలూ ఆయనే ఉతికినాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఆయన చెప్పే రకమా?"

"ఇంకా రాయి మా. అంతా రాయి. నా గురించి గూడా."

"ఉండేది ఉన్నట్టు రాస్తా. తట్టుకుంటావా మరి?"

అరుణ్ కొంచెం భయంగానే జెస్సీ వైపు చూశాడు. అయినా తల్లికి మంచి పెన్ను కొనడానికి అంగడి దోవ పట్టాడు.