పొయ్యిగోడ మీద పెద్దల బొట్లు

ఆ ఉదయం కూడా కరెంటు లేదు. బర్మాలోని ఆ అహ్లోన్ పేటలో అదేం కొత్త కాదు గనక, రాధాకుమారి విసుక్కోకుండా బొగ్గుల పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. అన్నం ఉడుకుతుండగా పొయ్యి వెనక గోడకున్న పాత టైలు ఒకటి వేడికి టప్పున పగిలింది. పెచ్చు ఎగిరొచ్చి, బడికి తయారవుతున్న కూతురు చిట్టి పాదం కోసుకుపోయింది. పిల్ల రక్తం తుడుస్తూనే రాధ నిశ్చయించుకుంది. ఎవరేమన్నా సరే, ఇవాళ మేస్త్రిని పిలిపించి ఈ టైల్స్ మార్పించాల్సిందే.

ఎవరో ఎందుకంటారు, అనేది అత్త వెంకాయమ్మే. వీధిలో బర్మావాళ్లు డో వెంకాయమ్మ అని ఎంతో మర్యాదగా పిలిచే ఆ మనిషి, టైల్స్ మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేచేది. వానాకాలం నుంచీ ఇదే వరస. ఓసారి ముహూర్తం లేదనేది, ఓసారి సిమెంటు మంచిది దొరకదనేది, ఏమీ తోచకపోతే ఒంట్లో బాగాలేదని ముసుగు తన్నేది. అవతల థాయిలాండు రేవులో చేపల పడవ ఎక్కిన రాధ భర్త హరినాథ్ నుంచి ఏడాదిగా కబురు లేదు. చిమిండైంగ్ బజారులో పచ్చళ్లు అమ్మి ఇల్లు నెట్టుకొస్తున్న రాధకు, ఈవిడ మొండితనం పుండు మీద కారంలా ఉండేది.

తాకేటా నుంచి దాసు మేస్త్రి వచ్చేసరికి వెంకాయమ్మ చల్లారిన పొయ్యికి వీపు ఆనించి కూర్చుంది. ఆవిడ వెనక, మసిబారిన టైల్స్ మీద వరసగా పసుపు బొట్లు. చనిపోయిన ఇంటి పెద్దలకు తలా ఒకటి. అమావాస్యనాడు తొలిముద్ద వాటి ముందే పెడతారు. గోడ మారిస్తే ఇంటి పెద్ద ఆడది పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి మళ్లీ బొట్లు పెట్టాలి. ఒక్కరిని వదిలేసినా ఆ ప్రాణానికి ఈ ఇంట మెతుకు అందదని నమ్మకం. మళ్లీ పెట్టుకుంటే సరిపోయే దానికి ఇంత రాద్ధాంతమా అని రాధ నచ్చజెప్పింది, బతిమాలింది, చివరికి నోరు జారింది.

"పిల్ల కాలు కన్నా గోడెక్కువైపోనాదా నీకు? నీ కొడుకే ఉంటే ఇలాగే కూకుందువా అత్తా?"

వెంకాయమ్మ ముఖం పాలిపోయింది. లేచి పక్కకు జరిగింది. దాసు ఉలి అందుకున్నాడు.

సాయంత్రానికి తెల్లటి టైల్స్ అతికించి అతను వెళ్లిపోయాడు. వెంకాయమ్మ స్నానం చేసి పసుపు గిన్నె పట్టుకుని గోడ ముందు కూర్చుంది. తన అత్తను పిలిచింది, మామను పిలిచింది, పెనిమిటి అచ్చయ్యను పిలిచింది. అందరికీ బొట్లు పెట్టాక కూడా వేలు మళ్లీ గిన్నెలో ముంచింది. ఆ వేలు గోడ దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇంకెవలున్నారత్తా?" అంది రాధ.

"వానల్లో నువ్వు బజారుకెల్లినప్పుడు అప్పయ్యని ఒకడు వచ్చినాడు. ఆడూ మనోడూ ఒకే పడవ. పడవ ములిగిపోనాది. ఈడొక్కడే ఒడ్డుకి సేరినాడు." ముసలామె కోడలి నుదుటి కేసి చూసింది. "నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. నీ మొకాన బొట్టు సూసుకొని ఉండిపోదామనుకున్నాను. గోడ మారిత్తే పెద్దల ముందర అబద్దమాడనేను గదే."

రాధకు ముందు కోపమే వచ్చింది, అత్తను పట్టుకుని కుదిపేయాలన్నంత కోపం. ఆ తర్వాత ఇన్నాళ్ల సంగతులు ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. ముహూర్తమూ సిమెంటూ అన్నీ సాకులే. ప్రతి అమావాస్యకూ అరగడం లేదంటూ ఆవిడ పస్తున్నది, కొడుక్కి అందని ముద్ద తనకు మింగుడుపడకే. కడుపులో అంత దుఃఖం దాచుకుని, కోడలి చేత మాటలు పడుతూ, కోడలి కోసమే నోరు కుట్టేసుకుంది. పొద్దున తను అన్న మాట గుర్తొచ్చి రాధ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

చాలాసేపటికి లేచి అత్త పక్కకు జరిగింది. వేలి మీద పసుపు ఎండిపోయింది. రాధ ఆ చేతిని తీసుకుని మళ్లీ గిన్నెలో ముంచింది.

"పెట్టీ అత్తా. నీ కొడుకు ఆకలికి ఆగనేడు."

వెంకాయమ్మ కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఆమె మణికట్టును రాధ గోడ దాకా పట్టుకునే ఉంది.