ఆ చోట్లో ఎవరో ఆమె

పొద్దున్నే అటుకుల పోహెలో నిమ్మకాయ పిండుతున్న కుసుమ్ చేతిని వృషాలి ఫోన్‌తో ఫొటో తీసింది. ముఖం కాదు, చెయ్యి ఒక్కటే.

"దేనికే?" అంది కుసుమ్.

"ఊరికే ఆయీ," అంటూ కూతురు ల్యాప్‌టాప్ మూసేసింది.

ఊరికే ఎవరైనా బొటనవేలు ఫొటో తీస్తారా? వేలిముద్రలతో బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్నారని పక్కింటి సుమన్ చెప్పినప్పటి నుంచి కుసుమ్‌కి సరిగా నిద్ర లేదు. ఈమధ్య వృషాలి వాలకమూ బాగాలేదు. తమ కొల్హాపురీ చెప్పుల దుకాణానికి పాత వెబ్‌సైట్ తీసేసి కొత్తది తయారుచేస్తున్నానంటుంది. రెడీమేడ్ నమూనా దొరుకుతుందట, అందులో రంగులూ బొమ్మలూ మాటలూ మనకు కావలసినట్టు మార్చుకుంటే చాలట. అంత సులువైన పనైతే తల్లి రాగానే తెర ఎందుకు మూయాలి? ఎవడైనా మాయమాటలు చెబుతున్నాడేమో. ఇల్లు తాకట్టు పెట్టించేస్తాడేమో. భర్త దత్తూతో అంటే, నీకు పాలు పొంగినా దొంగలే కనిపిస్తారని నవ్వి తోళ్లు తేవడానికి వెళ్లిపోయాడు.

వృషాలి స్నానానికి వెళ్లగానే కుసుమ్ ల్యాప్‌టాప్ తెరిచింది.

పైన దుకాణం పేరు. కింద చెప్పుల వరసలు, వాటిమీద తను అల్లిన తోలు జడలు. ఇంకా కిందికి జరిపితే, 'వీటిని అల్లే చేతులు' అన్న మాటల పక్కన ఎవరో ఒకామె. నున్నటి ముఖం, గోళ్లకు రంగు, చేతిలో పూలకుండీ.

ఖాతా సంగతీ ఇంటి సంగతీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. తోలు పదునుకు వాడే కరక్కాయల వల్ల తన చేతులకు పట్టిన మరక ఎంత తోమినా పోదు.

వృషాలి తలకు తువ్వాలుతో వచ్చేసరికి కుసుమ్ అక్కడే నిలబడి ఉంది.

"ఈవిడెవరే?"

"నా ల్యాప్‌టాప్ ఎందుకు తీశావు?"

"తోలు ముట్టని మనిషిని నా చోట కూర్చోబెట్టావు. నన్ను చూస్తే బేరాలు పోతాయనా? చిన్నప్పుడు ఈ చేతులతో బడికి రావద్దన్నావు. ఇప్పుడు ఇదా?"

వృషాలి దగ్గరికొచ్చి తెరవైపు వంగి చూసింది.

"ఆవిడెవరో నాకూ తెలీదు ఆయీ. నమూనాతోపాటే వచ్చింది. ఇదింకా ఎవరికీ కనపడదు. అన్నీ మార్చాను, ఆ బొమ్మ ఒక్కటే మిగిలింది. పక్కనున్న మాటలు మాత్రం నావి. బడి సంగతి గుర్తుండే రాశాను."

"మరి బొమ్మ మార్చవేం?"

"దేంతో మార్చను? ఫోన్ ఎత్తితే కొంగు ముఖం మీదికి లాక్కుంటావు. ముందే చెబితే అసలు వద్దంటావు. అందుకే దొంగచాటుగా తీస్తున్నా."

ఫోన్ చూపించింది. జడ అల్లుతున్న చేతులు, తోలు కుట్టే ఆర పట్టిన చేతులు, జొన్న భాకరీ తడుతున్న చేతులు. ముఖం ఎక్కడా లేదు.

కుసుమ్ ఒక్కో ఫొటో దగ్గరా ఆగి చూసింది. తర్వాత కిటికీ కింద తన పీటమీద కూర్చుని, సగం అల్లిన జడ ఒళ్లోకి తీసుకుంది.

"ముందు ఆమెను తీసెయ్. ఈ వేళ్లు చూసి ఎవడూ డబ్బు లాగలేడు కదా?"

"లాగలేడులే."

వృషాలి మీట నొక్కింది. బొమ్మలోని ఆమె పోయి, బూడిదరంగు ఖాళీ మిగిలింది. కుసుమ్ దానివంక కాసేపు చూసి, తలమీది కొంగు వెనక్కి జరుపుకుంది.

"కళ్లు తుడుచుకో ఆయీ," అంది వృషాలి ఫోన్ ఎత్తి.

"ముందు నువ్వు తుడుచుకోవే పోరీ. ఫొటో వణుకుతుంది."