కాఫీ మరకు వంకలు

పొద్దున్నే కాఫీ గింజలు పోసి చేతి మర తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి "అబ్బా!" అన్నాడు బాబాయి. పైకి అనకూడదనే అనుకున్నాడు గానీ, మణికట్టు కలుక్కుమన్నప్పుడు నోరు మన మాట వినదు కదా! గబుక్కున తలుపు వైపు చూశాడు. భార్య ఇంకా స్నానాల గదిలోనే ఉంది. వినలేదని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఇంట్లో ఆయన్ని బాబాయి అని పిలిచేది పిచ్చుక ఒక్కతే. పిచ్చుక అంటే ఆ ఇంటి పిల్ల. చిన్నప్పుడు గలగలా వాగుతుండేదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు అది. ఆయన జబ్బుచేసి పోయాడు. కొన్నేళ్ళకు వాళ్ళమ్మ, సెలూన్ నడుపుకునే ఈయన్ని పెళ్ళి చేసుకుంది. అప్పటికి పిల్ల కాలేజీలో చేరింది, మాటలు మాత్రం అడుగంటిపోయాయి. తిన్నావా అంటే ఊ. బాగుందా అంటే ఊ. ఆ 'ఊ'లకు అర్థాలు వెతుక్కోలేక బాబాయి తల ప్రాణం తోకకొచ్చేది.

అలాంటి పిల్ల ఒకరోజు పొద్దున ఆయన మర తిప్పుతుంటే వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎస్ప్రెస్సో అనే చిక్కటి కాఫీ అంటే ఆయనకు ప్రాణం. దానికి పొడి బాగా సన్నగా పడాలి కాబట్టి చాలాసేపు తిప్పాలి. ఆ గరగరలో, ఆయన వీపు కేసి చూస్తూ పిల్ల నోరు విప్పింది.

"నాన్నకి ఈత రాదు బాబాయ్. నాకు నేర్పిస్తానని నీళ్ళలో దిగి తనే మునగబోయాడు."

బాబాయి వెనక్కి తిరగలేదు, మర ఆపలేదు. మొహంలో మొహం పెట్టి అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. వెనక నిలబడి మన పని మనం చేసుకుపోతుంటే కడుపులో ఉన్నదంతా బయటపెడతారు. ఆ సంగతి ఆయనకు కత్తెర నేర్పింది. ఆ రోజు గింజలన్నీ అయిపోయాక కూడా ఉత్త మర ఇంకాసేపు తిప్పాడు మహానుభావుడు.

అప్పట్నుంచి రోజుకో ముక్క. నాన్న పాడితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకోవడం, నాన్న ఇస్త్రీపెట్టెతో చొక్కా కాల్చి దాచేయడం... వాళ్ళమ్మ దగ్గర మాత్రం పిచ్చుక ఆ ఊసెత్తదు. ఎత్తితే ఆవిడ చటుక్కున లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతుంది. మొత్తం ఇంట్లో పోయినాయన మాట వినబడేది ఆ మర తిరిగినంతసేపే. అది కాస్తా ఆగిపోతే పిల్ల మళ్ళీ మూగనోము పడుతుందేమోనని బాబాయి బెంగ. మణికట్టు నొప్పి ఇంట్లో చెప్పకపోవడానికి అదే కారణం.

కానీ భార్య ఫిజియోథెరపిస్టు. అలాంటి ఇంట్లో నొప్పి దాస్తే దాగుతుందా? ఆయన ఎడంచేత్తో చెంచా పట్టుకోవడం చూసి ఆవిడ చెయ్యి లాక్కుని అటూ ఇటూ వంచింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏదో... ఇప్పుడే..."

"రోజంతా కత్తెర, పొద్దున్నే ఈ మర. చెయ్యి పడిపోతే జనం జుట్టు ఎవరు కత్తిరిస్తారు, నేనా? మీకు మంచి గ్రైండర్ కొనిపెడుతున్నా. ఈ ఆదివారమే!"

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. కాఫీ సామాన్లు తప్ప ఇంకేమీ అమ్మని కొట్టు అది. కొట్టులో పనిచేసే అమ్మాయి ఒక్కో గ్రైండర్ మూత తీసి, లోపలి పళ్ళచక్రాలు చూపించి, గింజలు నూరి పొడి అరచేతిలో పోసింది. వేళ్ళ మధ్య రుద్ది చూస్తే బాబాయికి ప్రాణం లేచొచ్చింది. అంత సమంగా ఆయన చేతి మర జన్మలో నూరలేదు. తెల్లవారి మొదటి గుక్క నాలుక మీద ఊహించుకుని ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. అంతలో గుర్తొచ్చింది, గ్రైండర్ ఇలా తిరిగి అలా ఆగిపోయింది. పిల్ల "బాబాయ్" అనేలోపే పని అయిపోతుందన్నమాట.

"రంగు బాలేదు," అన్నాడు.

రెండోది చూపించారు. "గట్టు మీద పట్టదు."

మూడోది కొట్టులోకెల్లా మంచిది. తిరుగుతోందో లేదో చెయ్యి వేసి చూస్తే గానీ తెలియదు. ఆవిడ మొహం వెలిగిపోయింది. బాబాయి చాలాసేపు తటపటాయించి, "బొత్తిగా చప్పుడు రావట్లేదు," అన్నాడు. కొట్టులో అమ్మాయి తెల్లబోయింది.

ఏమీ కొనకుండానే తిరిగొచ్చారు. ఇంటికొచ్చి చేతిసంచి బల్ల మీద పెట్టి ఆవిడ అందుకుంది.

"వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట! చప్పుడు చెయ్యకపోవడం కూడా ఒక వంకేనండీ?"

"అది కాదు..."

"ఏది కాదు? నా జీతంతో కొంటే నామోషీనా? పెళ్ళయి ఇన్నాళ్ళయింది, నేనేది తెచ్చినా వద్దనే అంటారు. చొక్కా తెస్తే ఉందిగా అంటారు. చెయ్యి నొప్పి పుడితే నాకే చెప్పరు. ఈ ఇంట్లో ఇంకా చుట్టంచూపుగానే ఉన్నారా మీరు?" అంది.

బాబాయికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. చెబితే పిల్ల నమ్మకం పోతుందేమో. చెప్పకపోతే ఎదురుగా ఈ మనిషి కుమిలిపోతోంది. పిల్ల స్నేహితురాలింటికి వెళ్ళడం ఒక్కటే నయం.

"నేను మర తిప్పేటప్పుడు పిచ్చుక మాట్లాడుతుంది," అన్నాడు చివరికి. "ఆ చప్పుడులో అయితేనే మాట్లాడుతుంది."

"పిచ్చుకా? మీతోనా? ఏం మాట్లాడుతుంది?"

"వాళ్ళ నాన్న గురించి."

ఆవిడ కుర్చీలో కూలబడిపోయింది. పిల్ల ఎవరితోనూ మాట్లాడదని, నాన్నని మెల్లగా మరిచిపోతోందని, అదీ ఒకందుకు మంచిదేనని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. కడుపున పుట్టిన పిల్ల మనసు తనకు తెలియలేదన్న బాధ ఒకపక్క, ఎవరో ఒకరికి చెప్పుకుంటోందన్న నిమ్మళం మరోపక్క ఆవిడను కుదిపేశాయి.

"దాని ముందు ఏడవలేక లేచి వెళ్ళిపోయేదాన్ని కాదండీ," అంది మెల్లగా. "మీ ముందు. ఆయన పేరెత్తి నేను ఏడిస్తే మీకెలా ఉంటుంది?"

"నాకేం? ఆయన ఈత సంగతి తెలుసు, పాట సంగతి తెలుసు, కాల్చిన చొక్కా సంగతీ తెలుసు. ఒక్కసారి కూడా చూడని మనిషి, నాకు బాగా నచ్చాడు."

"చొక్కా కాల్చాడా? ఏ చొక్కా?"

"నీలంది. నువ్వు కొన్నదే."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి చాలాసేపు వచ్చాయి. బాబాయి పక్కన కూర్చున్నాడు.

మొహం కడుక్కొచ్చాక ఆవిడ, "పదండి, కొట్టు మూసేస్తారు," అంది. "ఆ చప్పుడు లేనిదే కొందాం."

"మరి పిల్ల?"

"మాట్లాడుకోవడానికి చప్పుడు కావాలా మనింట్లో? అది నేను చూసుకుంటాను."

మర్నాడు పొద్దున కొత్త గ్రైండర్ గట్టు మీద కూర్చుంది. పిచ్చుక వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాగుంది బాబాయ్, నీ చెయ్యి బతికింది," అంది. నొప్పి సంగతి తనకూ తెలుసన్నమాట. పొడి ముతకగా పడి మొదటి కప్పు పుల్లగా వచ్చింది. నూరే చక్రం కాస్త సన్నం వైపు తిప్పితే రెండోది చేదెక్కింది. మూడోదానికి గింజలు పోసి మీట నొక్కాడు. పిల్ల ఏదో అనబోయేసరికి పొడి పట్టడం అయిపోయింది. వంటగది నిశ్శబ్దంగా ఉంది. పిల్ల నోరు మూసుకుంది. బాబాయి ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు వాళ్ళమ్మ వచ్చి పిల్ల ఎదురుగా కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

"మీ నాన్నకి కాఫీ అంటే పడేది కాదు, తెలుసా?"

పిచ్చుక బిత్తరపోయి చూసింది.

"పెళ్ళికి ముందు నన్ను కలవాలంటే కాఫీ కొట్టుకే రమ్మనేవాడు, నాకిష్టమని. ఎదురుగా కూర్చుని కప్పులకి కప్పులు తాగేవాడు. పెళ్ళయిన మర్నాడు నేను కాఫీ ఇస్తే దణ్ణం పెట్టేశాడు. 'నిన్ను గెలిచా కదా, ఇంక ఈ విషం నా వల్ల కాదు' అన్నాడు."

పిచ్చుక పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో. నవ్వుతూ నవ్వుతూనే దాని కళ్ళు నిండిపోయాయి. బాబాయి మూడో కప్పు బల్ల మీద పెట్టి, తల్లీకూతుళ్ళ మధ్య తనెందుకని చప్పుడు కాకుండా గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"సెలూన్ తియ్యాలి కదమ్మా..."

"ఇది నేను నీకు చెప్పలేదు. నాకే తెలీదు. కూర్చో, ఇద్దరం విందాం."

బాబాయి వచ్చి కూర్చున్నాడు. పిచ్చుక వాళ్ళమ్మ వైపు తిరిగి, "ఇంకా చెప్పమ్మా," అంది. ఆవిడ ఇద్దరి ముందూ కళ్ళు తుడుచుకుని, కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది.