వార్త వెంట మనిషి

పైడమ్మ కొడుకు లుంగీలు రెండు సంచిలో సర్ది, పైన ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం పెట్టి, మళ్ళీ తీసి అడుక్కి దోపింది. ఇంట్లోంచి ఎవరు ప్రయాణం కట్టినా సంచి సర్దేది ఆమే.

పొద్దున ఫోనులా వార్తలు చూపే మాటపలక మీద ఒక్క ముక్క కనిపించింది: తుపానులో తప్పిపోయిన భీమిలి బోటు అండమాన్ దగ్గర దొరికిందని. పత్రికకు చందా కట్టనివాళ్ళకు శీర్షిక కింద అంతా ఖాళీయే. సర్కారు ఆఫీసుల నుంచి కబురింకా లేదు. బోటులో వెళ్ళిన నలుగురిలో ఆమె కొడుకు పోలయ్య ఒకడు. ఉన్నాడో లేడో తెలియకుండానే ఆమె అండమాన్ ఓడలొచ్చే విశాఖ రేవుకు బయల్దేరుతోంది.

ఒకప్పుడైతే ఇలాంటి వార్త పలక నుంచి పలకకు పాకి క్షణంలో ఊరు చుట్టేది. అలా ఊరికే పంచుకుని పంచుకుని పత్రికలు మూతపడే దశకొచ్చాక, నకళ్ళను అడ్డుకునే నకలుకాపరి అనే ఏర్పాటు పలకల్లో పుట్టింది. అచ్చయిన వాక్యాన్ని ఎవరికి పంపినా దారిలోనే చెరిగిపోతుంది. పైకి చదివితే చుట్టుపక్కల పలకలన్నీ గుయ్యిమని మాటను మింగేస్తాయి. వార్తకు యజమాని లేడు, వాక్యానికి ఉన్నాడంటుంది చట్టం. సొంత మాటల్లో ఎంతైనా చెప్పుకోవచ్చు. కానీ పంపడానికి అలవాటుపడ్డ జనం చెప్పడం మరిచిపోయారు.

అదే జాలర్ల పేటలో ఉంటూ ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే గవరమ్మ చెప్పుల్లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫ్యాక్టరీకి చందా ఉంది. ఆమె పెనిమిటి కూడా అదే బోటులో వెళ్ళాడు. పలక ఎత్తి చదవబోయింది. గుయ్యిమంది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అంతే.

"ఆపియ్యే దాన్ని. నీ నోటితో సెప్పు," అంది పైడమ్మ.

గవరమ్మ పలకను బోర్లా పెట్టింది. "పోలయ్య ఉన్నాడత్తా. ఓడోళ్ళు ఎక్కించుకున్నారంట. గంజి తాగినాడంట."

పైడమ్మ సంచి మీదే కూలబడింది. మిగతావాళ్ళ సంగతి అడిగింది. గవరమ్మ బతికారంటూ మరో ఇద్దరి పేర్లు చెప్పి, నాలుగో పేరు దగ్గర ఆగిపోయింది. ఆ పేటలో ఆడవాళ్ళు పెనిమిటి పేరు పలకరు. చదువుదామంటే కాపరి ఒప్పుకోదు, చెబుదామంటే నోరు రాదు.

ఆ పేరు పైడమ్మే పలికింది. "దాసు లేడా?"

గవరమ్మ తలూపింది. "నువ్వు సంచి కడతా ఉంటావని నాకెరికత్తా. అందుకే ముందు ఇటొచ్చినాను."

పైడమ్మ ఆమెను లోపలికి లాక్కుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. విశాఖ వెళ్ళే మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది.

తర్వాత పేటంతా కలిసి ఓ పత్రికకు చందా కట్టింది. సాయంత్రాలు వలలు బాగుచేసే పాకలో చదివినవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు అడ్డుపడి వంద ప్రశ్నలు వేస్తారు. చెడ్డ కబురైతే మాత్రం పాకలో చెప్పరు. ఎవరో ఒకరు ఆ ఇంటికి నడిచి వెళ్ళి, పక్కన కూర్చుని చెబుతారు. నకలుకాపరిని తయారుచేసినవాళ్ళు ఇది ఊహించలేదు.

పోలయ్య బోటు దొరికిన నెలలోనే ఇల్లు చేరాడు. గవరమ్మ పెనిమిటి మైలపల్లి దాసు తిరిగి రాలేదు. కార్తీక పౌర్ణమి మర్నాడు బోటెక్కాడు, అంతే.