మూడు వందల నలభై ఒకటో ఇల్లు

పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గిన్నె ముందే నిలబడ్డ మామగారు చూసుకోనే లేదు.

"చోద్యం! కళ్లెదుటే పొంగబెట్టారు. సైన్యంలో నాలుగేళ్లు గరిటె తిప్పానంటారే, మీ వంట తిన్న సైన్యం ఆకలితోనే ఓడిపోయి ఉంటుంది" అంటూ అత్తగారు మసిగుడ్డ అందుకుంది.

కోడలు నవ్వుతూ ఆఫీసు సంచిలో ఫారాలు సర్దుకుంది. ఆమె పని ఇంటింటికీ తిరిగి అడగడం. ముప్పై ఏళ్ల కిందటి యుద్ధంలో మందుపాతరలు ఎక్కడ పాతారో ఎవరికైనా గుర్తుందా? ఎవరైనా చూశారా, విన్నారా? ఆమె రాసుకొచ్చిన జవాబులను బట్టే వాటిని వెలికితీసే బృందం కదులుతుంది. రెండేళ్ల కిందట ఏటిగట్టు రోడ్డు మీద ఆమె తమ్ముడు నడుపుతున్న నీళ్ల ట్యాంకరు మందుపాతర ఎక్కి పేలిపోయింది. కళ్లు ఆరకముందే ఈ ఉద్యోగంలో చేరింది. ఊళ్లో మూడు వందల నలభై గుమ్మాలు ఎక్కింది.

బయట ట్రాక్టరు దడదడలాడింది. ట్రాలీ నిండా ఇటుకలు. "ఇవాళ్టి నుంచి మూతబడ్డ మిల్లు రోడ్డునే పోతున్నా. గంట కలిసొస్తుంది" అని భర్త సీటు మీంచే కేకేశాడు.

మామగారి చేతిలో గ్లాసు జారి పడింది. "ఆ రోడ్డున వద్దురా!"

"ఎందుకు నాన్నా? ముప్పై ఏళ్లుగా జనం నడుస్తున్నారు, మేకలు తిరుగుతున్నాయి, సైకిళ్లు పోతున్నాయి. నాకొక్కడికే దెయ్యం పడుతుందా?"

"వద్దన్నానా!"

"కారణం చెప్పు. లేదంటే దారి వదులు."

ముసలాయన చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ బానెట్ మీద పెట్టాడు. కొడుకు హారన్ మోగించాడు. ఆయన కదల్లేదు.

కోడలు సంచి కింద పెట్టి వాకిట్లోకి వచ్చింది. మనుషులు నడిస్తేనేం, మేకలు తిరిగితేనేం? బండ్ల కోసం పాతిన మందుపాతర మామూలుగా మనిషి అడుగుకు లేవదు. బరువు కోసం కాచుక్కూర్చుంటుంది. ఈ ముక్క ఆమె ప్రతి గుమ్మంలోనూ చెప్పింది.

"ఇంజన్ ఆపండి" అంది భర్తతో. తర్వాత మామగారి వైపు తిరిగింది. "మీరు సైన్యంలో గరిటె పట్టుకోలేదు. అవునా మామయ్యా?"

ఆయన తల దించుకున్నాడు. "గోతులు తవ్వే జట్టులో ఉన్నాను తల్లీ. మిల్లు రోడ్డులో ఆరు పాతాం. ఇన్నేళ్లకు పాడైపోయుంటాయనుకున్నాను."

"అవి ప్లాస్టిక్‌వి. తుప్పు పట్టవు." "ఏటిగట్టున పాతిందెవరు?"

ఆయన బానెట్ మీంచి చేతులు తీసేశాడు.

"ఎవరు మామయ్యా?"

"మేమే."

అత్తగారు మసిగుడ్డతోనే నోరు అదుముకుంది.

"మా తమ్ముడి బూటు ఒక్కటే దొరికింది. ఆ పూట నా పక్కన కూర్చుని మంచినీళ్లు తాగించింది మీరే. అప్పుడైనా నోరు పెగల్లేదా?"

"నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయిందమ్మా. రోజూ ఫారాలు పట్టుకుని బయల్దేరేదానివి. ఇవాళ నన్నడుగుతుంది, రేపు అడుగుతుంది అని చూశాను. అడిగితే చెప్పేసేవాణ్ణేమో. నువ్వు అడగలేదు."

ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. ఈ ఇంటి ఫారం ఆఫీసులో టీ తాగుతూ తనే నింపేసింది. 'సమాచారం లేదు.' మనింట్లో ఎవరికేం తెలుసులే అనుకుంది.

"నేను అడగనంత మాత్రాన మీ తప్పు పోదు" అంది.

"పోదు."

"నాదీ పోదు."

ఆమె వరండాలోకి స్టూలు లాగి, ఆయన్ని కూర్చోబెట్టింది. కొత్త ఫారం తిరగేసి, ఖాళీగా ఉన్న వెనకవైపు ఆయన ఒళ్లో పెట్టింది. పెన్సిల్ ఇచ్చింది.

"ఎక్కడ మొదలుపెట్టారు?"

"మిల్లు గేటు దగ్గర. అక్కణ్ణుంచి వంద అడుగులకొకటి, కుడి చక్రం దారిలో..."

మొదటి చుక్క పెట్టాడు. రెండోది పెట్టబోతే పెన్సిల్ జారి గీత పక్కకు పోయింది. ఆమె కళ్లు తుడుచుకుని ఆ ముసలి మణికట్టును గట్టిగా పట్టుకుంది. "మెల్లగా పెట్టండి మామయ్యా. ఒక్క అడుగు కూడా తేడా రాకూడదు."

గాలికి కాగితం లేచింది. కొడుకు ట్రాక్టరు దిగొచ్చి, తాళంచెవి తెచ్చి కాగితం అంచు మీద పెట్టాడు.