అక్కకు చెప్పిన మాట

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన నర్సు గుండె గుభేలుమంది! కూతురి బట్టల అర ఖాళీ. దిండు లేదు, పుస్తకాల సంచీ లేదు...

“పిల్లేదండీ?”

విప్పిన మిక్సీ ముందేసుకుని కూర్చున్న భర్త తలెత్తలేదు. “మీ అక్కగారు తీసుకెళ్ళారు. కొన్నాళ్ళు అక్కడే ఉంటుంది.”

“కరోనా అంటుతుందనా? నేను వేరే గదిలోనే పడుకుంటున్నాగా!”

“అది కాదు...” అతను నీళ్ళు నమిలాడు. “కుక్కర్ కూతేస్తే ఆక్సిజన్ మిషన్ మోగిందని పరుగెడుతున్నావట. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తున్నావట. బుర్ర సరిగా లేని మనిషి దగ్గర పిల్లనెలా ఉంచుతారని ఆవిడే అన్నారు.”

“మీరైనా నన్ను ఒక్క మాట అడగలేదేమండీ!”

అతను మిక్సీ మర బిగించడంలో పడ్డాడు. తన అవస్థ ఆమె లోకంలో ఒక్కరికే చెప్పుకుంది. అమ్మ పోయాక తనకు జడలు వేసి, అన్నం కలిపి పెట్టి, అమ్మే అయిన అక్కకు! “నా కడుపులో దాచుకుంటానే తల్లీ, ఎవరికీ చెప్పను” అని ఒట్టేసిన అక్కకు! పది రోజులైనా కాలేదు...

చెప్పులేసుకుని బయల్దేరింది. పాలబూత్ ఆవిడ ఆమెను చూసి పక్కావిడతో అంటోంది: “పాపం, శవాల్ని చూసీ చూసీ మతి చలించిందట!” ఒక తల్లి పిల్లాణ్ణి లోపలికి లాక్కుంది. అయితే వీధి వీధంతా తెలుసన్నమాట!

వరండాలో మాస్కులు కుడుతున్న అక్క గేటు తియ్యలేదు. కిటికీలోంచి “అమ్మా!” అని కేక వినిపించింది. అక్క లేచి వెళ్ళి కిటికీ తెర మూసేసింది.

“పగవాళ్ళు చేస్తే ఓర్చుకునేదాన్నక్కా! నువ్వు చేశావేమిటే!”

“మరి నువ్వు చేసిందో?” అక్క గేటు దగ్గరికొచ్చింది. “కరోనాతో మీ ఆస్పత్రిలో చేరిన మీ బావ నిద్రలో హాయిగా పోయాడన్నావు. మాస్కుల కోసమొచ్చి మీ వార్డు ఆయా నోరు జారింది. మూడు గంటలు ఊపిరికోసం కొట్టుకున్నాడట! ఆరోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదే... కావలసిన మనిషి దూరమైతే ఎలా ఉంటుందో నీకూ తెలియాలనుకున్నాను!”

చెల్లెలు గేటు ఊచలు పట్టుకుంది.

“ఆ మూడు గంటలూ బావ చెయ్యి నా చేతిలోనే ఉందక్కా! డ్యూటీ అయిపోయినా కదల్లేదు. మాట మాటకీ ఆగుతూ, ‘మీ అక్క పిరికిది... నిద్రలో పోయానని చెప్పు’ అని ఒట్టు వేయించుకున్నాడు. అది మొయ్యలేకే నేనిలా అయ్యాను... కళ్ళు మూసుకుంటే ఆ మిషనే మోగుతోంది!”

అక్క గడియ తీసింది. పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసింది. అక్క వంగి పాదాలు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది.

“నా బిడ్డనిచ్చావు, చాలు. వీధిలో నా మొహం ఎలా చూపించాలో అదొక్కటీ చెప్పు.”

కూతురి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఆ వారమే బడి వరండాలో మనసు బాగాలేనివాళ్ళ కోసం ఒక డాక్టరమ్మ బల్ల వేసుకుని కూర్చుంది. పిచ్చి అని ముద్ర పడుతుందని అటు ఒక్కరూ పోలేదు. ఎదురుగా టీకా వరుసలో మాత్రం వీధంతా నిలబడింది. ఇక దాచేదేముందని నర్సు తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. వెనకే అక్క వచ్చింది.

“ఎవరికమ్మా బాగాలేదు?” డాక్టరమ్మ అడిగింది.

వరుసలో పాలబూత్ ఆవిడ మెడ చాచింది. అక్క వెంటనే, అందరికీ వినబడేలా, “నాకేనమ్మా!” అంది. “నిద్ర లేదు, బుద్ధీ లేదు! మా చెల్లి బంగారం. దాని మీద లేనిపోనివన్నీ నేనే పుట్టించాను. అది నాకు తోడొచ్చిందంతే!”

వరుసలో తలలన్నీ ఇటు తిరిగాయి. గేటు దగ్గర గొడవ తర్వాత చెల్లెలు మొదటిసారి అక్క మొహంలోకి చూసింది. గుండెలో దిగిన ముల్లు అలాగే ఉంది... అయినా ఆ కళ్ళ కింది నలుపును చూడనట్టు ఉండలేకపోయింది.

“ఇంక మనకు అబద్ధాలొద్దక్కా,” అంది. కుర్చీ లాగి అక్కను కూర్చోబెట్టి, డాక్టరమ్మ వైపు తిరిగింది.

“నాకూ బాగాలేదమ్మా. కానీ ముందు మా అక్కను చూడండి. ఆవిడ నిద్రపోయి చాలా రోజులైంది.”